సామాను సర్దని అమ్మగారు: గెర్ట్రూడ్ రాస్క్ జీవితం నుంచి మనకు పాఠాలు



పాఠంలోకి వెళ్లేముందు ఒక చిన్న ప్రశ్న. మీ చర్చి ముందున్న బోర్డు ఒకసారి గుర్తుచేసుకోండి. దాని మీద అయ్యగారి పేరు ఉంటుంది. పేరు పక్కన డిగ్రీలు ఉంటాయి. ఫోన్ నంబరు కూడా ఉంటుంది. మరి అమ్మగారి పేరు? చాలా చోట్ల ఉండదు. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్లు ఇచ్చి, కాఫీ కలిపి, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుని, జీతం రాని నెలలో కూడా ఇల్లు నడిపిన మనిషి ఆమె. చాలామందికి ఆమె 'పాస్టరమ్మగారు' మాత్రమే. అసలు పేరు అడిగితే కాసేపు ఆలోచించుకోవాల్సి వస్తుంది.

ఈ వారం మనం అలాంటి ఒక అమ్మగారి గురించి ధ్యానిద్దాం. ఆమె పేరు గెర్ట్రూడ్ రాస్క్. 1673లో నార్వే దేశంలో పుట్టింది, 1735లో గ్రీన్‌లాండ్‌లో ప్రభువు నందు నిద్రించింది. 62 సంవత్సరాల జీవితం. ఆ కాలానికి, ఆ చలి దేశాలకు అది చాలా పెద్ద వయసే. లూథరన్ పాస్టరుగారి భార్య, నలుగురు బిడ్డల తల్లి.

అంత దూరపు మనిషి సంగతి మనకెందుకు అంటారా? ఒక కారణం ఉందండి. 1706లో జీగెన్‌బాల్గ్ అనే లూథరన్ మిషనరీని మన తరంగంబాడికి పంపించింది డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడెరిక్. ఆ మిషన్‌లో నుంచి వచ్చినవాడే బెంజమిన్ షుల్ట్జ్. ఆయన మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిలును మన భాషలోకి తేవడానికి ఎంతో శ్రమపడ్డాడు. సరిగ్గా అదే రాజు 1721లో గెర్ట్రూడ్ కుటుంబాన్ని గ్రీన్‌లాండ్‌కు పంపించాడు. ఒకే రాజు ఒక గుంపును ఎండ దేశానికి, ఇంకో కుటుంబాన్ని మంచు దేశానికి పంపాడన్నమాట. కాబట్టి ఆమె మనకు మరీ పరాయిది కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ అమ్మగారు మొదట 'నేను రాను' అంది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

1. మొదట వద్దన్న భార్య

నార్వే ఉత్తర భాగంలో లోఫోటెన్ అనే దీవులున్నాయి. కొండలు, సముద్రం, కాడ్ చేపల వేట. చలికాలం నడిమధ్యలో దాదాపు నెల రోజులు సూర్యుడు పైకే రాడు. అక్కడ వోగన్ అనే సంఘానికి 1707లో హాన్స్ ఎగెడె అనే యువకుడు పాస్టరుగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. అదే సంవత్సరం గెర్ట్రూడ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయన కంటే 13 ఏళ్లు పెద్దది. వాళ్లకు పౌల్, నీల్స్ అని ఇద్దరు కొడుకులు, క్రిస్టీన్, పెట్రోనెల్లా అని ఇద్దరు కూతుళ్లు పుట్టారు.

హాన్స్ మనసులో ఒక భారం మొదలైంది. కొన్ని వందల ఏళ్ల కిందట నార్డిక్ జనం గ్రీన్‌లాండ్ వెళ్లి స్థిరపడ్డారు, చర్చీలు కూడా కట్టుకున్నారు. 15వ శతాబ్దం తర్వాత వాళ్ల జాడ తెలియలేదు. వాళ్లు ఇంకా బతికే ఉన్నారేమో, సువార్త మరిచిపోయారేమో, వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు అని ఆయనకు ఒకటే ఆలోచన. బిషప్‌లకు ఉత్తరాలు రాశాడు.

సంగతి బయటపడ్డాక ఇంట్లో తుఫాను రేగింది. భార్య ఏడ్చింది. తల్లి, అత్తగారు, స్నేహితులు అందరూ వద్దన్నారు. ఇలాంటి మనిషిని చేసుకున్నానే అని గెర్ట్రూడ్ బాధపడిందని కూడా చెబుతారు. చంటిపిల్లలున్న తల్లి కదండీ! చేతిలో ఉన్న సంఘాన్ని, ఇంటిని వదిలి, దారి తెలియని మంచు దేశానికి ఏ తల్లి సంతోషంగా బయలుదేరుతుంది?

ప్రియమైన సహోదరీ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సేవకుని భార్య అంటే ఆయన ఏది చెప్పినా ఆ నిమిషమే 'సరే' అనాలి, లేకపోతే భక్తి తక్కువ అని మనలో చాలామంది అనుకుంటారు. గెర్ట్రూడ్ అలా అనలేదు. భయాన్ని దాచుకోలేదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి మాట్లాడలేదు. లూకా 14:28లో మన ప్రభువు ఏమి నేర్పాడు? గోపురం కట్టాలనుకునేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పాడు. ఆ రోజు ఆ ఇంట్లో లెక్క చూసింది గెర్ట్రూడే. ఆమె కన్నీళ్లు అవిశ్వాసం కాదు, అది లెక్క చూసుకోవడం.

హాన్స్ కూడా ఆమెను బలవంతంగా లాక్కుపోలేదు. కొంతకాలం ఆ ఆలోచన పక్కన పెట్టాడు. అయితే మత్తయి 10:37 ఆయన్ని నిద్రపోనివ్వలేదు. తండ్రిని, తల్లిని, బిడ్డలను ప్రభువు కంటే ఎక్కువగా ప్రేమించడం గురించిన మాట అది. ఒక పక్క వాక్యం, ఇంకో పక్క ఇల్లు. ఇలా ఏళ్లు గడిచాయి.

2. మోకాళ్ల మీద మారిన మనసు

మరి ఆమె మనసు ఎలా మారింది? భర్త వాదించి గెలిచినందుకు కాదు. వోగన్‌లో వాళ్లకు కొన్ని కష్టాలు వచ్చాయి. మనస్పర్థలు, గొడవలు. ఇక ఈ ఊళ్లో ఉండలేం అని ఆమె ప్రాణం విసిగింది. అప్పుడు హాన్స్, ఈ సంగతిని దేవుని ముందు పెట్టి నువ్వే అడుగు అని చెప్పాడు. ఆమె ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో ఆమెకు తెలిసింది ఏమిటంటే, తాను ఇంతకాలం అడ్డుపడింది భర్త కోరికకు మాత్రమే కాదు, దేవుని పిలుపుకు కూడా అని.

అప్పటి నుంచి చూడండి, తారుమారయింది. 1718లో ఆ కుటుంబం వోగన్ వదిలి బెర్గెన్ పట్టణానికి బయలుదేరింది. అప్పటికి చిన్నమ్మాయికి సుమారు రెండేళ్లు. సంఘాన్ని, కన్నతల్లిని, స్నేహితులను విడిచే ఘడియ వచ్చేసరికి తడబడింది హాన్స్. నేను చేస్తున్నది సరైనదేనా, పెళ్లాం పిల్లలను దిక్కులేనివాళ్లను చేస్తున్నానా అని ఆయన సందేహంలో పడ్డాడు. అప్పుడు ధైర్యం చెప్పింది గెర్ట్రూడ్. ఒకప్పుడు వద్దని ఏడ్చిన ఆమే ఇప్పుడు వెనక్కి తిరగొద్దు అంది.

దీనిలో మనకు ఎంత పాఠం ఉందో గమనించారా? మొహమాటానికి 'సరే' అన్నవాళ్లు కష్టం రాగానే 'నేను ముందే చెప్పాను' అంటారు. ప్రార్థనలో పోరాడి 'సరే' అన్నవాళ్లు కష్టం వచ్చినప్పుడు ఆ మాట అనరు. ఎందుకంటే ఆ నిర్ణయం భర్తది మాత్రమే కాదు, వాళ్లది కూడా.

బెర్గెన్‌లో మూడేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. అప్పుడు యుద్ధ కాలం, ఎవరి దగ్గరా డబ్బు లేదు. వ్యాపారులు నవ్వారు. చివరికి రాజు ఒప్పుకున్నాడు, వ్యాపారుల కంపెనీ ఒకటి ఏర్పడింది. 1721 మే 3న 'హోబెట్' అనే ఓడ బెర్గెన్ నుంచి బయలుదేరింది. ఆ పేరుకు అర్థం 'నిరీక్షణ'. అందులో నలభై మందికి పైగా ఉన్నారు. గెర్ట్రూడ్‌కు అప్పుడు 48 ఏళ్లు. మన దగ్గర ఆ వయసులో 'ఇక పిల్లల పెళ్లిళ్లు చూసుకుని కాస్త కూర్చుందాం' అనుకుంటాం. ఆమె నలుగురు పిల్లలతో మంచు సముద్రంలోకి ప్రయాణం కట్టింది.

దారిలో మంచు దిబ్బలు ఓడను చుట్టుముట్టాయి. చావుకు సిద్ధపడమని కెప్టెనే చెప్పిన రోజు ఉంది. దేవుడు దాటించాడు. రెండు నెలల తర్వాత, జులై 3న ఒడ్డు చేరారు.

3. అందరూ సర్దుకుంటున్న వేళ

ఒడ్డు చేరాక మొదటి దెబ్బ ఏమిటో తెలుసా? వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన జనం అక్కడ లేరు! పాత నార్డిక్ కుటుంబాలు ఎప్పుడో అంతరించిపోయాయి. అక్కడున్నది ఇన్యూట్ ప్రజలు. తమను తాము కలాల్లిట్ అని పిలుచుకుంటారు. సీల్ జంతువులను వేటాడి, చర్మపు పడవల్లో తిరిగే ప్రజలు. వాళ్ల భాష ఒక్క ముక్క కూడా వీళ్లకు రాదు. వీళ్లెందుకు వచ్చారో వాళ్లకు అర్థం కాదు.

ఒక దీవి మీద రాళ్లు, పచ్చిక పెళ్లలు పేర్చి ఇల్లు కట్టుకున్నారు. చలికాలం గడిచింది. తెచ్చుకున్న తిండి తరిగిపోతోంది. వేట, వ్యాపారం అనుకున్నట్టు సాగలేదు. కొంతమంది స్కర్వీ జబ్బుతో మంచాన పడ్డారు. 1722 వసంతం వచ్చింది, సామాను తెచ్చే ఓడ మాత్రం రాలేదు. మే పోయింది, జూన్ నడుస్తోంది. సముద్రం వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. మనుషులు సణగడం మొదలుపెట్టారు. మనల్ని మరిచిపోయారు, ఉన్న ఓడలో తిరిగి వెళ్లిపోదాం అన్నారు. హాన్స్ ఎంతో ఆపి చూశాడు. చివరికి ఆయన కూడా వాళ్ల ప్రాణాల బరువు మోయలేక, ఇంకొన్ని రోజులు చూసి వెళ్లిపోదామని ఒప్పుకున్నాడు.

జనం మూటలు కట్టడం మొదలుపెట్టారు. ఇళ్లు విప్పడానికి కూడా సిద్ధమయ్యారు. ఆ గుంపులో ఒక్క మనిషి మాత్రం సామాను సర్దలేదు. గెర్ట్రూడ్! భర్త సరే అన్నా ఆమె మూట కట్టలేదు. విప్పుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, అనవసరంగా ఇళ్లు పాడుచేయకండి, ఓడ వస్తుంది అని చెప్పింది. వాళ్లు నవ్వి ఉంటారు, కోపపడి ఉంటారు. ఆమె మాత్రం ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంచింది.

జూన్ నెలాఖరులో ఓడ వచ్చింది. తిండి తెచ్చింది. పని ఆపవద్దన్న కబురు కూడా తెచ్చింది.

దేవుని బిడ్డలారా, ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. విశ్వసిస్తే ప్రతిసారీ ఓడ వస్తుందని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆమె జీవితంలోనే తర్వాత రాని ఓడలు ఉన్నాయి, తీరని దుఃఖం ఉంది. అవి కూడా చూద్దాం. ఇక్కడి పాఠం వేరు. యోహాను 6వ అధ్యాయం చివర చదవండి. చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయినప్పుడు యేసు పన్నెండుమందిని, మీరు కూడా వెళ్లాలనుకుంటున్నారా అని అడిగాడు. పేతురు జవాబులో పెద్ద ధైర్యమేమీ కనిపించదు. వెళ్లడానికి ఇంకెవరి దగ్గరికి వెళ్తాం అన్న మాటే కనిపిస్తుంది. గెర్ట్రూడ్ స్థిరత్వం అలాంటిది. వెళ్లిపోవడానికి ఆమెకు కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ సంగతిని ఒకసారి దేవుని దగ్గర తేల్చుకుంది కాబట్టి ప్రతి ఆకలి రోజునా దాన్ని మళ్లీ తిరగదోడలేదు.

భర్తకు లోబడటం అంటే ఏమిటి అనే ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. ఆ రోజు ఆమె భర్త మాటను కాదంది. కానీ ఆయన పిలుపును కాపాడింది. అలసిపోయిన భర్త చేతిలో నుంచి జారిపోతున్నదాన్ని ఆమె పట్టుకుంది. ఎదురు చెప్పడానికి, నిలబెట్టడానికి తేడా ఉంది కదండీ.

4. ఇల్లే బడి, ఇల్లే మిషన్

హాన్స్‌గారికి ఆ భాష నేర్చుకోవడం చాలా కష్టమైంది. ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. మరి ముందుగా నేర్చుకున్నది ఎవరు? పిల్లలు! పౌల్, నీల్స్ స్థానిక పిల్లలతో ఆడుకుంటూ, మంచులో దొర్లుతూ మాటలు పట్టేశారు. తండ్రి చెప్పాలనుకున్న బైబిలు కథలకు పౌల్ బొమ్మలు గీసేవాడు. ఆ బొమ్మలు చూపించి తండ్రి వచ్చీరాని మాటల్లో చెప్పేవాడు. పాస్టరుగారి పరిచర్య కొడుకు నాలుక మీద, కొడుకు చేతి బొమ్మల మీద నడిచిందన్నమాట.

దీని వెనక తల్లి ఉంది. 'ఆ పిల్లలతో ఆడొద్దు, జబ్బులొస్తాయి, మనం వేరు వాళ్లు వేరు' అని ఆమె తలుపు వేసి ఉంటే ఏమయ్యేది? ఆమె తలుపు తీసి ఉంచింది. స్థానిక పిల్లలు కొందరు ఆ ఇంట్లోనే ఉండి తిన్నారు, పడుకున్నారు. నలుగురు బిడ్డల తల్లి అంతకంటే ఎక్కువమందికి వడ్డించింది.

2 తిమోతి 1:5లో పౌలు భక్తుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పాడు. అవ్వ లోయి, తల్లి యునీకే. తిమోతికి చేతులుంచిన పెద్దలు చాలామంది ఉండవచ్చు. కానీ విశ్వాసం మొదట ఎక్కడ కాపురం ఉందని అడిగితే, పౌలు వంటింటి వైపు చూపించాడు. అమ్మా, మీ ఇంటి తలుపు ఎవరికి తెరిచి ఉందో మీ పిల్లలు చూస్తున్నారు. ప్రసంగం కంటే ముందు అదే నేర్చుకుంటారు.

5. రెండోసారి ఉండిపోయింది

1728లో ఆ స్థావరాన్ని ఒడ్డు మీదికి మార్చారు. గోడ్‌హోప్ అని పేరు పెట్టారు. ఈ రోజు గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ అదే. రాజు ఒక గవర్నరును, సైనికులను, గుర్రాలను కూడా పంపించాడు. ఆ చలికాలం చాలామంది చనిపోయారు, గుర్రాలు కూడా మిగల్లేదు. 1730లో నాలుగవ ఫ్రెడెరిక్ రాజు చనిపోయాడు. కొత్త రాజు ఆరవ క్రిస్టియన్ లెక్క చూశాడు. ఖర్చు ఎక్కువ, లాభం లేదు. 1731లో ఆజ్ఞ వచ్చింది: అందరూ తిరిగి రండి. పాస్టరు ఉంటానంటే ఉండవచ్చు, కానీ ఒక్క సంవత్సరానికి సరిపడా తిండి మాత్రమే ఇస్తాం, తర్వాత మాట ఇవ్వలేం.

పదేళ్ల కిందట అయితే మనుషుల భయం. ఇప్పుడు రాజాజ్ఞే వచ్చింది. తిరిగి వెళ్లినా ఎవరూ తప్పు పట్టరు. గెర్ట్రూడ్‌కు 58 ఏళ్లు. పెద్దకొడుకు పౌల్ చదువు కోసం కోపెన్‌హేగన్‌లో ఉన్నాడు. వెళ్తే కొడుకును చూడవచ్చు. అయినా వాళ్లు ఉండిపోయారు. దాదాపు పదిమంది మనుషులు వాళ్లతో మిగిలారు. అప్పటికి బాప్తిస్మం పొందిన స్థానిక పిల్లలున్నారు, వాళ్లను వదిలి ఎలా వెళ్లడం అన్నది పాస్టరుగారి బాధ. ఆ బాధలో ఆమె భాగస్థురాలయింది. ఓడ వెళ్లిపోయింది.

రెండేళ్లకు, 1733లో, రాజు మనసు మార్చుకుని మిషన్‌కు సహాయం కొనసాగిస్తానన్నాడు. ఎంత సంతోషం! కానీ అదే ఓడలో ఇంకొకటి కూడా వచ్చింది.

6. ఓడ తెచ్చిన మశూచి

కోపెన్‌హేగన్ నుంచి తిరిగి వచ్చిన ఒక గ్రీన్‌లాండ్ కుర్రవాడికి మశూచి సోకింది. ఆ ప్రజలు ఎన్నడూ ఎరగని జబ్బు. వాళ్ల ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి లేదు. గుడిసె తర్వాత గుడిసె ఖాళీ అయింది. వందల సంఖ్యలో చనిపోయారు. తల్లులు పోయారు, పసివాళ్లు శవాల పక్కన దొరికారు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. సువార్త వచ్చిన ఓడలోనే చావు కూడా వచ్చింది. మిషన్ వెంట వ్యాపారం, రాజ్యం, వాటి తప్పులు కూడా వచ్చాయి. దాన్ని దాచి కథ చెబితే అది సాక్ష్యం కాదు. అయితే ఆ ఘోరం మధ్యలో ఒక ఇంటి తలుపు మూసుకోలేదు. హాన్స్, గెర్ట్రూడ్ జబ్బుపడినవాళ్లను సొంత ఇంట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. గదులు నిండాయి. వాళ్లు ఉండే గది కూడా ఆసుపత్రి అయింది. అరవై ఏళ్ల అమ్మగారు రాత్రింబగళ్లు నీళ్లు పట్టింది, పుండ్లు కడిగింది, చనిపోయినవాళ్ల కళ్లు మూసింది. చచ్చేదాకా మా వాళ్లే చేయని సేవ మీరు చేశారని రోగుల్లో ఒకరు పాస్టరుగారితో అన్నట్టు చెబుతారు. ఇన్నేళ్ల ప్రసంగాలకు తెరుచుకోని హృదయాలు అప్పుడు తెరుచుకున్నాయి.

ఆ శ్రమ ఆమె శరీరాన్ని పిండేసింది. 1734లో పౌల్ మిషనరీగా తిరిగి వచ్చాడు. ఆ తల్లి కన్నులారా కొడుకును ఆ పనిలో చూసింది. ఆరోగ్యం మాత్రం మళ్లీ కుదుటపడలేదు. 1735 డిసెంబరు 21న, సంవత్సరంలో అతి చిన్న పగటి రోజున, గెర్ట్రూడ్ కన్నుమూసింది.

7. ఇదంతా వ్యర్థమేనా?

భార్య పోయాక హాన్స్ చాలా కుంగిపోయాడు. ఆయన ఆరోగ్యం కూడా పాడైంది. 1736లో తిరుగు ప్రయాణం కట్టాడు. వెళ్లేముందు చివరి ప్రసంగానికి ఆయన తీసుకున్న వాక్యం యెషయా 49:4. దయచేసి మీ బైబిలు తెరిచి చదవండి. తాను పడ్డ కష్టమంతా వృథా అయిపోయిందని, బలమంతా ఊరికే ఖర్చయిందని దేవుని సేవకుడు మొరపెట్టుకునే మాట అది. పదిహేనేళ్ల తర్వాత, భార్యను పోగొట్టుకుని, ఆ పాస్టరుగారి నోట వచ్చిన మాట అదే. ఆమె దేహాన్ని ఓడలో తీసుకుని వెళ్లి కోపెన్‌హేగన్‌లో సెయింట్ నికోలస్ చర్చిలో సమాధి చేశాడు.

కానీ ఆ వచనం అక్కడితో ఆగదు! రెండో సగంలో, నా న్యాయం, నా ప్రతిఫలం దేవుని దగ్గరే ఉన్నాయని అదే సేవకుడు చెబుతాడు. ఇంకా రెండు వచనాలు దిగి 49:6 చూడండి. ఆ సేవకుణ్ణి దేవుడు జనములకు వెలుగుగా నియమిస్తాడు. మనం చాలాసార్లు నాలుగో వచనం మొదటి సగంలోనే ఉండిపోతాం. రెండో సగం దాకా చదివే ఓపిక ఉండదు.

ఆ ఇంటి రెండో సగం ఏమయిందో తెలుసా? తల్లి తలుపు తెరిచి ఉంచినందువల్ల ఆటల్లో భాష నేర్చుకున్న పౌల్, పెద్దయ్యాక ఆ భాషకు నిఘంటువు తయారుచేశాడు. 1766లో కొత్త నిబంధన మొత్తం గ్రీన్‌లాండ్ భాషలో అచ్చయింది, ఆయన అనువాదంలోనే. నీల్స్ గ్రీన్‌లాండ్‌లోనే పనిచేశాడు, 1759లో ఒక స్థావరాన్ని స్థాపించి తండ్రి జ్ఞాపకార్థం పేరు పెట్టాడు. ఈ రోజు గ్రీన్‌లాండ్ ప్రజల్లో ఎక్కువమంది లూథరన్ సంఘానికి చెందినవారే. సొంత భాషలో ఆరాధన చేస్తారు. ఇవేవీ గెర్ట్రూడ్ చూడలేదు. తర్వాతి కాలంలో గ్రీన్‌లాండ్‌కు వెళ్లే ఒక ఓడకు ఆమె పేరు పెట్టారు. ఓడ కోసం అంతగా ఎదురుచూసిన మనిషి పేరు ఓడ మీదికి ఎక్కింది.

మన కోసం నాలుగు మాటలు

మొదటిది: మీ భయాన్ని దేవుని దగ్గర, మీ భర్త దగ్గర దాచకండి. ఏడ్చి ప్రార్థించిన 'సరే' గట్టిగా ఉంటుంది.

రెండోది: అయ్యగార్లకు ఒక మాట. మీ దర్శనం మీ ఇంట్లోవాళ్ల దర్శనం కావడానికి సమయం ఇవ్వండి. హాన్స్‌గారు ఏళ్ల తరబడి ఆగారు. ఆగినందువల్లే 1722లో ఆయన్ని నిలబెట్టే మనిషి ఇంట్లో ఉంది.

మూడోది: పిల్లల ఎదుట సేవ గురించి సణుగుతూ వాళ్లను సేవకు పంపలేం. వాళ్లు మన మాటల కంటే మన ముఖం చదువుతారు.

నాలుగోది: ఫలితం కనబడనంత మాత్రాన వ్యర్థం కాదు. 1 కొరింథీయులు 15:58 చదవండి. ప్రభువు నందు పడిన ప్రయాస ఖాళీగా పోదని అక్కడ రాసి ఉంది.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరైనా పైకి ఒప్పుకుని లోపల భయపడుతున్న సంగతి ఏదైనా ఉందా? ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందామా?
2. అందరూ 'సర్దుకుందాం' అంటున్న ఏ పనిలో మనం ఇంకొన్నాళ్లు నిలబడాలి?
3. మన సంఘంలో అమ్మగారి పేరేమిటి? ఈ వారం ఆమెను పేరు పెట్టి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకున్నామా?

మూడో ప్రశ్నకు జవాబు తెలియకపోతే సిగ్గుపడకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక దగ్గరికి వెళ్లి అడగండి. 'అమ్మగారూ, మీరెలా ఉన్నారు' అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగండి. ఆమె ఎప్పుడూ అందరినీ అడుగుతుంది. ఆమెను అడిగేవాళ్లు తక్కువ.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మీ సేవకుల ఇళ్లలో పేరు తెలియకుండా మోస్తున్న తల్లుల కోసం మీకు స్తోత్రం. వారి భయాలు మీకు తెలుసు. వారి ఒంటరి రాత్రులు మీకు తెలుసు. ఓడ రాని రోజుల్లో వారిని నిలబెట్టండి. వారి బిడ్డలను మీ పనికి ఆశీర్వదించండి. మేము వారిని మరిచిపోయిన పాపాన్ని క్షమించండి. మా కష్టం వృథా అనిపించినప్పుడు వాక్యం రెండో సగం దాకా మమ్మల్ని నడిపించండి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.

ఈ పాఠం మీకు మేలు చేస్తే ఒక అమ్మగారికి చదివి వినిపించండి. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.